కుందేలంత కంగారూ, నేల లోపలి పుట్టగొడుగు: ఇద్దరిలో రైతు ఎవరు?

తొలకరికి రోటావేటర్ తిప్పేముందు ఆస్ట్రేలియాలోని ఈ రెండు జీవుల సంగతి వినండి.

ఒకటి పొటరూ. కంగారూకి చుట్టం, పిల్లని పొట్ట సంచిలో పెంచుతుంది, బరువు కిలో అటూఇటూ. రెండోది అక్కడి జామాయిల్ చెట్ల కింద నేలలోనే కాసే పుట్టగొడుగు, మెసోఫీలియా. ఇది గొడుగు విప్పదు, గట్టి తొక్కతో ఉండలా లోపలే ఉంటుంది. కాబట్టి దాని బీజాలు గాలికి ఎగరవు. వాసన పట్టి తవ్వుకు తినేవాడు కావాలి.

ఆ పని పొటరూది. తిన్న బీజాలు అరగకుండా పెంటతో ఇంకోచోట పడి, మొలిచి, చెట్టు వేళ్లకు అల్లుకుంటాయి. ఆ బూజు చెట్టుకు భాస్వరం, నీళ్లు అందిస్తుంది. చెట్టు దానికి చక్కెర ఇస్తుంది. అంటే పొటరూ విత్తేవాడు, బూజు ఎరువు పెట్టేవాడు. నన్నడిగితే బూజుదే పెద్ద చెయ్యి, ఏడాది పొడుగూతా వేరు దగ్గరే ఉంటుంది కదా!

దుక్కి మాత్రం జంతువుదే. పొటరూకి దగ్గరి చుట్టం వోయిలీ ఒక్కటే ఏడాదికి 5 టన్నుల దాకా మట్టి కదిలిస్తుందని అంచనా. ఆ గుంటల్లో ఆకు పడుతుంది, వాన ఇంకుతుంది. కానీ చూడండి, చిన్న గుంట తవ్వి చుట్టుపక్కల నేలని వదిలేస్తుంది. రోటావేటర్ అలా వదలదు.

బయటి నుంచి తెచ్చిన నక్కలు, పిల్లులు వీటిని బాగా తగ్గించాయి. గిల్బర్ట్ పొటరూ అంతరించిందనే 100 ఏళ్లకు పైగా అనుకున్నారు. 1994లో ఆల్బనీ దగ్గర టూ పీపుల్స్ బేలో మళ్లీ కనపడింది. దాని తిండిలో 90 శాతం పైగా పుట్టగొడుగులే. 2015లో మంటలొచ్చి అది ఉండే చోటు చాలావరకు కాలిపోయింది.

ఇక మన సంగతి. మన పుట్టల మీద లేచే పుట్టగొడుగుకి తోడు చెదపురుగులు, వేళ్లు కాదు. పంట వేళ్లకు పట్టే బూజు వేరు, వ్యామ్ అంటాం. కంటికి కనపడదు. కంది, మొక్కజొన్న, వేరుశనగ, మిరపకి పడుతుంది. ఆవ, క్యాబేజీకి పట్టదు. డీఏపీ దండిగా వేస్తే మొక్క దాన్ని దగ్గరికి రానివ్వదు, పదేపదే దున్నితే దారాలు తెగిపోతాయి, నేల ఖాళీగా ఉంటే దానికి తిండే ఉండదు. వానలకు ముందే నవధాన్యాలు చల్లమనేది ఇందుకు కూడా.

పొటరూ ఎలా తవ్వుతుందో వీడియోలో చూడండి. ఈసారి ఐదు సెంట్లయినా దున్నకుండా కంది పెట్టి, పక్క మడితో పోల్చండి.