ఆ రోజు చచ్చినవాళ్ళెందరు?

రెండేళ్ళ క్రితం మా ఎం.ఏ. చరిత్ర సెమినార్‌లో నేనొక పేపరు చదివాను. విషయం: అమెరికాలో మద్యనిషేధం నాటి ముఠానాయకులు. హాస్టల్లో రాత్రుళ్ళు మేలుకుని నాలుగు జీవితచరిత్రలు నమిలేసి ఉన్నానేమో, మంచి ఊపు మీద ఉన్నాను. 1931 సెప్టెంబరు 10న న్యూయార్కులో సాల్వటోర్ మారంజానో అనే ముఠానాయకుణ్ణి ప్రభుత్వోద్యోగుల వేషంలో వచ్చినవాళ్ళు అతని ఆఫీసులోనే చంపిన వైనం వర్ణించి, ఆ పైన "అదే రోజు దేశమంతటా పాతతరం నాయకులు నలభైమంది హతమయ్యారు" అని ముగించాను. వెనక బెంచీలవాళ్ళు కూడా తలలెత్తారు. అధ్యక్షత వహిస్తున్న మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నలభై వద్దు గాని నాయనా, ఓ నలుగురి పేర్లు చెప్పు" అన్నారు.

చెప్పలేకపోయాను. "పుస్తకంలో ఉంది సార్" అన్నాను. "పుస్తకానికి ఎవరు చెప్పారు?" అన్నారాయన. ఆ ప్రశ్న పట్టుకుని లైబ్రరీకి వెళ్ళినవాణ్ణి ఇంకా పూర్తిగా బయటికి రాలేదు. ఈ వ్యాసానికి మూలం ఆనాటి నా అవమానమే.

ముందు సందర్భం రెండు ముక్కల్లో చెప్పాలి. అమెరికా రాజ్యాంగానికి పద్దెనిమిదవ సవరణ 1919 జనవరిలో ఆమోదం పొంది, 1920 జనవరి 17 నుంచి అమల్లోకి వచ్చింది. 1933 డిసెంబరు 5న రద్దయింది. అంటే దాదాపు పధ్నాలుగేళ్ళు. తమాషా ఏమిటంటే ఆ చట్టం తాగడాన్ని నేరమనలేదు. తయారీ, అమ్మకం, రవాణా, ఇవీ నేరాలు. పైగా డాక్టరు చీటీ రాస్తే మందుల షాపులో విస్కీ దొరికేది, ప్రార్థనల కోసం ద్రాక్షసారా అనుమతించారు. సందు ఉన్నచోట సరుకు దూరుతుంది కదా. జార్జి రీమస్ అనే లాయరు చికాగో వదిలి సిన్సినాటి చేరి, విస్కీ బట్టీలూ మందుల కంపెనీలూ తానే కొనేసి, తన సరుకు తనకే "మందు"గా అమ్ముకుని, దారిలో తన లారీలను తన మనుషుల చేతనే దోపిడీ చేయించి దొంగబజారుకి పంపేవాడు! ఈ రీమసే 1927లో కట్టుకున్న భార్యను కాల్చి చంపి, కోర్టులో తన కేసు తానే వాదించుకుని, మతిస్థిమితం లేదన్న మిషమీద బయటపడ్డాడు. మన రాష్ట్రంలో 1995 జనవరి 16న మొదలై 1997లో సడలిపోయిన నిషేధాన్ని కళ్ళారా చూసిన పెద్దలకు సరిహద్దు దాటి వచ్చే సరుకు అంటే ఏమిటో నేను వివరించనక్కర్లేదు.

ఇక నా నలభైమంది సంగతి. వెతగ్గా వెతగ్గా తేలిన వంశవృక్షం ఇది. డచ్ షుల్జ్ అనే ముఠానాయకుడి దగ్గర లాయరుగా పనిచేసి, తానే జైలుకెళ్ళొచ్చిన డిక్సీ డేవిస్, 1939లో కోలియర్స్ పత్రికలో తన అనుభవాలు రాశాడు. మారంజానో పోయిన రోజున దేశమంతటా తొంభైమంది దాకా పోయారని షుల్జ్ మనిషి ఒకడు తనతో అన్నాడట. చూశారా, డేవిస్ చూడలేదు, వినికిడి. 1951లో 'మర్డర్, ఇంక్.' అనే పుస్తకంలో ఒక మాజీ ప్రాసిక్యూటరు అదే కథ మళ్ళీ చెప్పాడు. ఈసారి ముప్ఫై నలభై అయింది. తర్వాత వచ్చినవాళ్ళు దాన్ని చూసి వీళ్ళూ, వీళ్ళను చూసి ఇంకొకళ్ళూ రాస్తూ పోయారు. పది పుస్తకాల్లో ఉందంటే పదిమంది సాక్షులున్నట్టే నేను లెక్కేసుకున్నాను. కాని సాక్షి ఒక్కడే, వాడూ చూసినవాడు కాడు!

1970ల్లో అలన్ బ్లాక్ అనే పరిశోధకుడు చేసిన పని చాలా సులువైనది. అంతకుముందు ఎవరూ ఎందుకు చేయలేదా అనిపిస్తుంది. మారంజానో హత్యకు ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు వివిధ నగరాల్లో వెలువడిన దినపత్రికలు తిరగేశాడు. ఆ హత్యతో సంబంధం ఉండవచ్చు అనదగినవి అతనికి మరో మూడే దొరికాయి. నలభైమంది ముఠానాయకులు ఒక్కరోజులో చస్తే ఏ ఊరి పేపరూ రాయకుండా ఊరుకుంటుందా? ఈ మాట నాకు సెమినార్‌కు ముందే తట్టి ఉంటే ఎంత బాగుండేది.

అప్పట్నించి ఈ పుస్తకాలను వేరే కంటితో చదువుతున్నాను. వీటిలో చాలావాటికి ఆధారం నేరస్థుడి నోరే, లేకపోతే పోలీసు నోరు. ఇద్దరికీ తమ కథ పెద్దదిగా కనిపించాలనే ఉంటుంది. అల్ కపోన్ చెంప మీది గాటు సంగతే చూడండి. ఫ్రాన్సులో యుద్ధంలో తగిలిందని విలేకరులకు చెప్పేవాడు. అసలు అతడు సైన్యంలో చేరనేలేదు. కోనీ ఐలండ్‌లో ఒక బారులో పనిచేస్తున్నప్పుడు ఒకాయన చెల్లెలితో వెకిలిగా మాట్లాడితే, ఆ అన్న పెట్టిన కత్తిగాట్లవి.

లకీ లూచియానో ఆత్మకథ అంటూ 1975లో వచ్చిన పుస్తకం మరీ విచిత్రం. సినిమా నిర్మాత మార్టిన్ గోష్‌కు లూచియానో స్వయంగా చెప్పినదని ప్రచారం. లూచియానో 1962 జనవరిలో నేపుల్స్ విమానాశ్రయంలో ఈ గోష్‌ను కలుసుకోవడానికి వెళ్ళి అక్కడే గుండె ఆగి చనిపోయాడు. అంతవరకు నిజం. కాని టేపులు లేవు. పుస్తకం బజారుకు రాకముందే, 1974 డిసెంబరులో, న్యూయార్క్ టైమ్స్ దాన్ని అనుమానించింది. తాను చచ్చిపోయాక జరిగిన సంగతులు కూడా లూచియానో అందులో చెబుతున్నాడని విమర్శకులు పట్టుకున్నారు. చదవడానికి మాత్రం భలేగా ఉంటుంది, అబద్ధమెందుకు.

పోలీసులవైపు చూస్తే ఎలియట్ నెస్. 'ది అన్‌టచబుల్స్' 1957లో వచ్చింది; అదే సంవత్సరం మే నెలలో, అచ్చయిన పుస్తకం చేతికి రాకముందే నెస్ చనిపోయాడు. పుస్తకానికి రూపం ఇచ్చినవాడు ఆస్కార్ ఫ్రేలీ అనే ఆటల విలేకరి. తర్వాత టీవీ, ఆ తర్వాత 1987లో సినిమా. సినిమాలో నెస్ ఫ్రాంక్ నిట్టీని మేడమీదనుంచి తోసేస్తాడు. మా హాస్టల్లో అక్కడ ఈలలు పడ్డాయి. నిజం నిట్టీ 1943 మార్చిలో తన్ను తానే కాల్చుకున్నాడు. నెస్ బృందం సారా బట్టీలు పగలగొట్టిన మాట వాస్తవమే, దాని మీద పెట్టిన కేసు మాత్రం విచారణకే రాలేదు.

మరి కపోన్‌ను ఏది పట్టించింది? చిట్టాపద్దులు! నాకు అన్నిటికంటె నచ్చే ఘట్టం ఇదే. 1927లో సలివాన్ అనే దొంగసారా వ్యాపారి కేసులో సుప్రీంకోర్టు, అక్రమ సంపాదన మీద కూడా ఆదాయపు పన్ను కట్టాల్సిందేనని తేల్చింది. ఆ తాళంచెవితో ఫ్రాంక్ విల్సన్ అనే పన్నుల శాఖ ఉద్యోగి బయల్దేరాడు. 1926లో సిసెరో పట్టణంలో జూదగృహం మీద దాడిచేసి తెచ్చి మూల పడేసిన పద్దు పుస్తకాన్ని 1930లో తవ్వి తీశాడు. అందులో చేతిరాత ఎవరిదో పోల్చుకుని, లెస్లీ షమ్వే అనే క్యాషియర్ను వెతికి పట్టుకున్నాడు. బట్టల కొట్లవాళ్ళు వచ్చి కపోన్ కుట్టించుకున్న సూట్లకు, కొన్న పట్టు లోదుస్తులకు ఎంత ఇచ్చాడో సాక్ష్యం చెప్పారు. పైగా కపోన్ లాయరే రాజీ బేరంలో ఆదాయం ఉందని ఒప్పుకుంటూ ఉత్తరం ఇచ్చి కూర్చున్నాడు. 1931 అక్టోబరు 17న జ్యూరీ దోషి అంది. జడ్జి విల్కర్సన్ పదకొండేళ్ళు జైలు, 50,000 డాలర్ల జరిమానా విధించాడు. ఎగ్గొట్టిన పన్ను రెండు లక్షల పదిహేను వేల డాలర్ల చిల్లర. తుపాకి మాట లేదు, రక్తం మాట లేదు. అందుకే సినిమావాళ్ళకు విల్సన్ కంటె నెస్ ముద్దు.

కపోన్ మీద మంచి జీవితచరిత్రలు లేకపోలేదు. అతడు బతికి, స్వేచ్ఛగా తిరుగుతుండగానే 1930లో చికాగో విలేకరి ఫ్రెడ్ పాస్లీ ఒకటి రాశాడు. 1971లో జాన్ కోబ్లర్, 1994లో లారెన్స్ బెర్గ్రీన్, 2016లో డీర్డ్రీ బేర్. కొత్తగా మొదలుపెట్టే జూనియర్లకు నా సలహా ఒకటుంది: ఏ పుస్తకమైనా ముందు వెనకనున్న నోట్సు తిప్పి చూడండి. గదిలో ఇద్దరే ఉండి, ఆ ఇద్దరూ తర్వాత చచ్చిపోయి ఉంటే, వాళ్ళ సంభాషణ కొటేషన్ మార్కుల్లో ఎలా వచ్చిందని అడగండి. ఆశ్చర్యంగా, ఈ ఒక్క ప్రశ్నకే సగం పేజీలు రాలిపోతాయి.

ఇంకొక సంగతి చెప్పి ముగిస్తాను. 1929 ఫిబ్రవరి 14న చికాగోలో నార్త్ క్లార్క్ వీధిలోని ఒక గ్యారేజీలో ఏడుగురిని గోడకు నిలబెట్టి కాల్చారు. కపోన్ ఆ రోజు ఫ్లారిడాలో ఉన్నాడు. ఆ హత్యలకు ఎవరికీ శిక్ష పడలేదు. కాల్చినవాళ్ళెవరు, చేయించిందెవరు అని పుస్తకాలు పేజీలకు పేజీలు రాస్తాయి. ఆ ఏడుగురిలో రైన్‌హార్ట్ ష్విమ్మర్ కళ్ళజోళ్ళవాడు, సరదాకి వీళ్ళ చుట్టూ తిరిగేవాడు. జాన్ మే మెకానిక్. లారీలు బాగుచేయడానికి వచ్చాడు. ఏడుగురు పిల్లలు. అతని కుక్క పేరు హైబాల్. లారీకి కట్టేసిన ఆ కుక్క ఏడుపు విని ఇరుగుపొరుగులు లోపలికి వచ్చి చూశారు.

మా మాస్టారు రిటైరయ్యే ముందు కనిపిస్తే ఇదంతా చెప్పాను. నలుగురి పేర్లు అడిగారు గదా, క్లార్క్ వీధివి ఏడూ చెబుతాను వినండి సార్ అని వరసగా అప్పజెప్పాను. ఆయన విని, "ఆ మెకానిక్ పిల్లలు తర్వాత ఏమయ్యారయ్యా?" అన్నారు.

మళ్ళీ లైబ్రరీకి వెళ్ళాను.