పొగడ్త ముసుగులో తెగడ్త

కొన్నేండ్ల క్రిందట మన కళాశాలలో వార్షికోత్సవ సన్నాహములు జరుగుచుండగా ఒక చిన్న సంఘటన జరిగినది. వేదిక అలంకరణకు కావలసిన సామాను తెచ్చే బాధ్యత వహించి, సాయంత్రము వట్టి చేతులతో వచ్చిన తెలుగు మాధ్యమపు విద్యార్థిని చూచి, ఉర్దూ మాధ్యమపు మిత్రుడొకడు "ఆయియే హజ్రత్!" అని తల వంచి సలాము చేసినాడు. ప్రవక్తల పేర్లకు, సూఫీ మహనీయుల పేర్లకు ముందు ఆ మాట వచ్చునని మాత్రమే ఎరిగిన ఆ పిల్లవాడు తనకు గొప్ప గౌరవము దక్కినదని పొంగిపోయినాడు. మూడవనాడు ఆ ఉర్దూ మిత్రుడు కవి సమ్మేళనపు ఆహ్వానపత్రికలో తేదీ తప్పు వేయించినాడు. తెలుగువారిలో ఒకడు అందరి ఎదుట "ఈ ప్రబుద్ధుని చేతికి ఎవరిచ్చారయ్యా ఈ పని?" అన్నాడు. ఉర్దూ మిత్రుడు గ్రంథాలయమునకు పోయి నిఘంటువు తిరగవేసినాడు. ప్రబుద్ధుడనగా మేల్కొన్నవాడు, జ్ఞాని అని అందులో ఉన్నది. అతడును సంతోషించినాడు.

ఇద్దరూ తిట్లు తిన్నారు, ఇద్దరూ ధన్యవాదములు చెప్పుకొన్నారు! ఎవరో పెద్దలు అసలు భావము విప్పి చెప్పిన పిమ్మట పదిహేను దినములు ఒకరి మొగమొకరు చూచుకొనలేదు. ఈ వ్యాసమునకు ప్రేరణ ఆ పదిహేను దినములే.

నిఘంటువు అబద్ధమాడలేదు. ప్రబుద్ధుడు అనే మాటకు అర్థము నేటికీ అదియే. కాని నిత్యవ్యవహారములో ఆ మాటను నిజమైన జ్ఞానికి వాడువారు అరుదు. "ఒక ప్రబుద్ధుడు ఇట్లన్నాడు" అనగానే మనకు జ్ఞాని గాక మూర్ఖుడే కన్నులకు కట్టును. ఘనుడు, ఘటికుడు, మహానుభావుడు, పెద్దమనిషి, పుణ్యాత్ముడు, మహాతల్లి మొదలైన మాటలు ఇంకను రెండు ఒడ్డుల మీదను కాళ్ళు పెట్టుకొని యున్నవి. పలికే గొంతును బట్టి అవి పూలమాలలగును, లేదా ముళ్ళకంపలగును. ఉర్దూలో హజ్రత్, ఉస్తాద్, నవాబ్ సాహెబ్ అనునవి ఈ కోవలోనివే.

ఇరు భాషల అలంకార శాస్త్రకారులును దీనిని ఎన్నడో గుర్తించి పేరు పెట్టినారు. సంస్కృతాంధ్రములలో దీని పేరు వ్యాజస్తుతి. పైకి పొగడ్త లోపల తెగడ్త అయినను, పైకి తెగడ్త లోపల పొగడ్త అయినను ఆ అలంకారమే. ఫారసీ, ఉర్దూ సాహిత్యములలో మొదటి రకమును హజ్వె మలీహ్ అందురు. హజ్వ్ అనగా నింద, మలీహ్ అనగా ఉప్పదనము గలది, అందమైనది. ఉప్పు వేసిన తిట్టు అన్నమాట! మన శాస్త్రకారుల మాట కంటె ఇదియే నాకు రుచిగా తోచును.

ఈ విద్యకు మూలము మర్యాదను కొలత మించి వడ్డించుట. కన్నకొడుకును తల్లి "నువ్వు" అనుట సహజము. ఎనిమిది గంటలకు నిద్ర లేచిన కొడుకుతో ఆమె "దొరగారు లేచినారా? కాఫీ పంపించమంటారా?" అన్నదంటే వాడు దుప్పటి మడుచుకొని లేచి పోవలెనని తెలుసుకొనును. ప్రాణస్నేహితుడు హఠాత్తుగా "తమరు" అన్నచో స్నేహమునకు ముప్పు వచ్చినట్లే. "దయచేయండి" అనే మాటను చూడుడు. వాకిట నిలిచి చేయి లోపలికి చూపినచో స్వాగతము. కుర్చీలో నుండి లేవకుండ "ఇక తమరు దయచేయవచ్చును" అన్నచో మెడపట్టి గెంటినట్లే. ఉర్దూలో "తష్రీఫ్ లాయియే" అనగా రండి, "తష్రీఫ్ లే జాయియే" అనగా పొండి. తష్రీఫ్ అనగా గౌరవమే. గౌరవమును తెమ్మనుటకును, తీసికొని పొమ్మనుటకును నడుమ ఒక్క క్రియాపదమే తేడా.

భద్రాచలమునకు పోయి వచ్చువారికి ఇంకొక కుటుంబపు మాటలు తెలియును. వైష్ణవాలయములో అర్చకుడు భక్తుని తలపై శఠగోపము ఉంచును. అది భగవంతుని పాదముల గుర్తు. శఠకోపుడనగా నమ్మాళ్వారు. ఇంతటి పవిత్రమైన మాట సంతలోనికి వచ్చేసరికి "వాడికి శఠగోపము పెట్టినారు" అనగా నిలువునా మోసగించినారని అర్థము. నామము పెట్టుట, సొమ్ము గోవిందా అగుట, పెద్దలచేత అక్షింతలు వేయించుకొనుట, సహస్రనామార్చన జరుగుట, బడితెపూజ, ఇవన్నియు గుడిలో పుట్టి వీధిలో పెరిగినవే. వీనిని కల్పించినవారు నాస్తికులు కారు. ప్రతిదినము గుడికి పోవువారే. దేవునితో చనువున్న చోటనే ఇట్టి వేళాకోళము సాధ్యమని నా అభిప్రాయము.

ఆ చనువునకు పరాకాష్ఠ మన జిల్లావాడే. నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న పదునేడవ శతాబ్దిలో గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానాషా కాలమున పాల్వంచ పరగణాకు తహశీలుదారు. సర్కారు సొమ్ముతో భద్రాద్రిలో ఆలయము కట్టించి, గోల్కొండ కోటలో చెరసాల పాలయినాడు. సంప్రదాయము పన్నెండేండ్లని చెప్పును. అప్పుడు పాడిన కీర్తనలలో ఒకదానిలో, ఎవరెవరికి ఏ నగ చేయించినదీ, దానికెంత ఖర్చయినదీ లెక్క చెప్పి, ఈ సొమ్మెవరిదనుకొని కులుకుచున్నావని శ్రీరామునే నిలదీసినాడు. తహశీలుదారు గదా, తిట్టులోను పద్దు వ్రాసినాడు! చివరకు దెబ్బల బాధకు తిట్టితిని గాని వేరు గాదని క్షమాపణ కోరినాడు. పైకి నింద, లోపల భక్తి. దీనినే నిందాస్తుతి అందురు. ఆ నగలలో ఒకటి కలికితురాయి. ఆ తురాయి ఫారసీ తుర్రాయే. రాముని శిరస్సు మీది నగకును మన రెండవ భాషయే పేరిచ్చినది.

చెర వేసిన సుల్తాను పేరు కథ ఇంకను విచిత్రము. తానాషా అనునది అబుల్ హసన్ అసలు పేరు కాదు. అతని గురువైన సూఫీ షా రాజూ ముద్దుగా పిలిచిన పేరని చెప్పుదురు. భద్రాద్రి కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారమును మన ప్రాంతమువారు అతని పేరుతోనే తలచుకొందురు. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలువగా అతడు బందీయై దౌలతాబాదు కోటలోనే కన్ను మూసినాడు. నేడు హిందీ, ఉర్దూ పత్రికలలో నియంతృత్వమునకు తానాషాహీ అని పేరు. గురువు ముద్దు మాట లోకము నోట తిట్టయినది. పాపము, చెరలో చనిపోయిన రాజునకు ఇంతకంటె చెర ఏముండును?

ఇంతవరకు చెప్పినది వినోదము. గోదావరి దాటి అడవి అంచునకు పోయినచో వినోదము కానిది ఒకటి కలదు. అక్కడి కోయలను మైదానమువారు కోయదొరలు అందురు. తెలంగాణ పల్లెలలో దొర అనగా గడిలో కూర్చుండి వెట్టి చేయించుకొన్నవాడు. అదే మాట ఇక్కడ వెట్టి చేసినవానికి బిరుదు! పూర్వము కోయపెద్దలకు అది నిజమైన గౌరవవాచకమే కావచ్చును. కాని సంతలో వర్తకుడు "రా దొరా, కూర్చో దొరా" అనునప్పుడు క్రియాపదము ఏకవచనములోనే యుండును గమనించుడు. బిరుదు పైన, "రా" క్రింద. ఆ పిలుపుతోనే అప్పులు పెరిగినవి, భూములు చేతులు మారినవి. షెడ్యూలు ప్రాంతములలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండ 1959లో భూబదిలీ నిబంధన చేయవలసి వచ్చినది, అది చాలక 1970లో సవరించవలసి వచ్చినది. నిజముగా దొరలే అయినచో వారి నేలకు ఇన్ని కావళ్ళేల?

ఏకవచనమే తప్పని నా భావము కాదు. మన ఖమ్మము పల్లెలలో "నువ్వు మామా" అనుటలో ఉన్న గౌరవము, ఏటికావలి "అండీ"లలో ఒక్కొక్కసారి ఉండదు. తప్పు మాటకు, తూకమునకు పొత్తు కుదరకపోవుటలో ఉన్నది.

ఒకప్పుడు నేను అట్టి సంతలో నిలిచి యుండగా, చింతపండు తట్ట దింపిన ముసలి కోయ ఒకడు వర్తకుని "దొరా" పిలుపులు నాలుగైదు సార్లు ఓపికగా విన్నాడు. త్రాసు ముల్లు వైపు చూచినాడు. తరువాత మెల్లగా అన్నాడు:

"దొర సంగతి తర్వాత చూద్దాం గాని శెట్టీ, ముందు ఆ తక్కెట్ల నుంచి నీ చెయ్యి తియ్యి."