మట్టి చెప్పే సాక్ష్యం: సూక్ష్మదర్శిని కింద ప్రాచీన మృత్తికలు

హొసకోటె ప్రాంతపు గ్రామాలలో ఇంటికి పునాది తీసేటప్పుడు గోతి గోడలో ఎర్రమట్టి నడుమ బూడిదరంగు చార కనిపిస్తే, చాలామంది దానిని చెత్తగా భావించి తట్టలకెత్తి పారవేస్తారు. పురావస్తు శాస్త్రమంటే నాణేలు, శాసనాలు, విగ్రహాలు మాత్రమే అన్న అభిప్రాయమే ఇందుకు కారణం. ఆ చార వంటపొయ్యిదా, పశువుల కొట్టానిదా, ఇల్లు కాలిపోగా మిగిలినదా అన్నది నిర్ణయించగల సాక్ష్యం ఆ మట్టిలోనే ఉంటుంది.

మట్టిని నలిపి పరీక్షిస్తే అందులో ఏమేమి ఉన్నాయో తెలుస్తుంది గాని, ఏది దేనిపై పడిందో తెలియదు. అందువల్ల మట్టిని కదపకుండా, ఉన్న అమరికలోనే పరిశీలించాలని ఆస్ట్రియా దేశపు శాస్త్రవేత్త వాల్టర్ కుబియెనా ప్రతిపాదించాడు. 1938లో వెలువడిన ఆయన గ్రంథం ఈ విద్యకు పునాది అయింది.

ఈ పరీక్షా విధానంలో ప్రతి దశకూ ఓర్పు కావాలి. తవ్వకపు గోడలోకి చిన్న లోహపు చట్రాన్ని నొక్కి, మట్టిని గడ్డగా వెలికితీస్తారు. ఏ వైపు పైభాగమో తప్పక గుర్తు పెడతారు. గడ్డను ఆరబెట్టి, రెజిన్ అనే జిగురుద్రవాన్ని అందులోకి ఇంకింపజేస్తారు. అది రాయివలె గట్టిపడిన తరువాత కోసి, గాజుపలకకు అంటించి, 30 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో నూరింట మూడు వంతుల మందం మిగిలే వరకు అరగదీస్తారు. అప్పుడు కాంతి మట్టిగుండా ప్రసరిస్తుంది. ధ్రువిత కాంతితో పనిచేసే సూక్ష్మదర్శినిలో ఇసుకరేణువులు, బొగ్గు తునకలు, బంకమట్టి పూతలు వేరువేరుగా గోచరిస్తాయి.

పేడకు ప్రత్యేకమైన గుర్తులున్నాయి. గడ్డిజాతి మొక్కల కణాలలో ఏర్పడే సిలికా రేణువులు పేడ కుళ్లినా, కాలినా చాలావరకు మిగులుతాయి. మేసే జంతువుల పేగులలో సున్నపు పదార్థంతో అతిసూక్ష్మమైన గోళికలు కూడా ఏర్పడతాయి. ఇవి గొర్రెల, మేకల పెంటికలలో మెండుగాను, ఆవుపేడలో తక్కువగాను ఉంటాయి. ఆమ్లగుణం గల నేలలో గోళికలు కరిగిపోతాయి. కనుక అవి కనబడనంత మాత్రాన అక్కడ పశువులు లేవని తీర్మానించరాదు.

ఈ పరిశీలన విలువను దక్షిణాదికి తెలియజెప్పినవి బూడిద దిబ్బలు. బళ్లారి ప్రాంతంలోను, దాని పరిసర తెలుగు జిల్లాలలోను ఇవి అనేకం. కుడతిని వద్ద ఉన్న దిబ్బకు బూదికనుమ అనే పేరున్నది. హంపి సమీపంలోని నింబాపురం దిబ్బను వాలి దహన స్థలమని ప్రజలు చెప్పుకుంటారు. ఇవి అగ్నిపర్వతాల అవశేషాలనీ, ఇనుము కరిగించిన కొలిమి కుప్పలనీ కొందరు ఊహించారు. ఇవి పశువుల పేడతో ఏర్పడినవని రాబర్ట్ బ్రూస్ ఫూట్ 19వ శతాబ్దంలోనే భావించాడు. 1957లో నాటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో ఆల్చిన్ జరిపిన తవ్వకంలో పశువుల దొడ్డికి నాటిన గుంజల గుంతలు, గిట్టల ముద్రలు బయల్పడ్డాయి. లండన్ ఆచార్యుడు జాయినర్ బళ్లారి దిబ్బల పదార్థాన్ని పరీక్షించి, అది కాలిన పేడయేనని 1960లో ప్రకటించాడు. తీవ్రమైన వేడికి పేడలోని సిలికా కరిగి చిట్టెంగా మారుతుంది. దానిని చూసే కొందరు కొలిమి అని పొరబడ్డారు. తదుపరి కాలంలో గుల్బర్గా ప్రాంతపు బుదిహాళ్‌లో ఆచార్య పద్దయ్య జరిపిన తవ్వకాలు, దిబ్బ పక్కనే మనుషులు నివసించిన పల్లెను కూడా వెలికితీశాయి. ఈ దిబ్బలు సుమారు ఐదువేల ఏళ్ల నాటి నుండి ఏర్పడుతూ వచ్చినవి.

ఈ విద్య నేర్చేవారు తొలుత పరిశీలించవలసింది తెలిసిన మట్టినే. నేటి పశువుల కొట్టం, కళ్లం, పొయ్యి, పేడతో అలికిన నేల: వీటి నమూనాలతో పోల్చిన తరువాతనే ప్రాచీన మృత్తికను గుర్తించడం సాధ్యం. తుర్కియేలోని చాటల్‌హొయుక్‌లో సుమారు తొమ్మిదివేల ఏళ్లనాటి ఇళ్ల నేలలను, గోడలను ఇదే విధంగా పరిశీలించగా, మాటిమాటికీ పూసిన పూతలు పొరలు పొరలుగా కనిపించాయి. మన గడపలలో పండుగ పండుగకూ అలికే నేల కూడా పొరలు పొరలుగానే పేరుకుంటుంది. ఏ మట్టితో, ఎంత పేడతో, ఎప్పుడెప్పుడు అలుకుతారో పల్లె గృహిణులకు తెలుసు. సిమెంటు నేలలు వచ్చిన ఇళ్లలో ఆ తెలివిడి మరుగున పడుతున్నది. దానిని పెద్దల నోట విని రాసిపెట్టడం పాఠశాల పిల్లలు కూడా చేయగల పని.

బూడిద దిబ్బలలో కొన్నింటిని ఎరువు కోసం బండ్లకెత్తి తరలించారు. పొలానికి చేరిన బూడిద నశించదు. కాని దాని పొరల వరుస చెదిరిపోతుంది. విరిగిన కుండను అతికించవచ్చును గాని, చెదిరిన పొరలను తిరిగి పేర్చలేము. కనుక పునాదిలో గాని, బావిలో గాని పొరలు పొరలుగా బూడిద, బొగ్గు, పెంకులు కనిపించినప్పుడు తవ్వకం ఆపి, తహసీల్దారుకు గాని, పురావస్తు శాఖకు గాని తెలియజేయడం ఉత్తమం. అధికారులు వచ్చి చూసేవరకు ఆ గోతి గోడను చెక్కకుండా, వర్షానికి తడవకుండా కప్పి ఉంచితే చాలును.