పెరటిలో పడవ మోటారు

ఇరయీ, ఝర్పట్ నదుల ఒడ్డున ఉన్న మన చంద్రపూరుకు వరద కొత్త కాదు. 2022 జూలైలోనూ పల్లపు పేటలు మునిగినవి. మేడమీద నిలిచినవారికోసం పడవ బయలుదేరినాక నడియేట మోటారు ఆగితే తెడ్డే గతి. కనుక వానలకు ముందే దానిని ఇంటివద్ద నడిపి చూడవలెను.

అయితే స్కూటరు వలె ఉత్తగా నడుపరాదు. పడవ మోటారు తానున్న నీటినే పీల్చి చల్లబడును. నీరు తోడే పంపులో రబ్బరు రెక్కల చక్రము ఉన్నది. నీరు లేక తిరిగితే కొద్ది క్షణాలలోనే ఒరిసి పాడగును. ఆపైన ఇంజనుకే ముప్పు.

తోట పైపుకు తగిలించే రబ్బరు దొప్పల జత అమ్ముతారు. మోటారు అడుగుభాగాన నీరు పీల్చే జల్లెడలపై వానిని బిగించి, ముందు కొళాయి విప్పి, తరువాతనే ఇంజను నడపవలెను. ఆపేటప్పుడు ముందు ఇంజను, పిదప కొళాయి. గేరు న్యూట్రలులోనే ఉండవలెను, వేగము పెంచరాదు, పిల్లలను దగ్గరకు రానీయరాదు. పక్కనుండి వచ్చే సన్నని ధార ఆగినచో తక్షణము ఆపివేయవలెను. పొగ విషము గనుక మూసిన షెడ్డులో ఈ పని కూడదు.

మన ఎండలలో కొళాయి ధార సన్నగిల్లితే? మేమైతే పెద్ద పీపానే మెచ్చుకొంటాము. పంకా ఊడదీసి, జల్లెడలు బాగా మునిగేలా దింపితే చాలును. ఆ నీటిపై నూనె తేలును. మొక్కలకు పోయరాదు సుమా!