చొక్కా మీద పూలు, టై మీద మామిడి పిందెలు

పూల చొక్కా మగవారికి కొత్త కాదు. 18వ శతాబ్దంలో ఐరోపా సంపన్నులు ఇంటికి రాగానే బిగుతు కోటు విప్పి, పూల అద్దకం గుడ్డతో కుట్టిన వదులు అంగీ తొడుక్కునేవారు. దాని పేరు బన్యన్. గుజరాతీ వర్తకుణ్ణి సూచించే ‘వాణియో’ పోర్చుగీసుల నోట మారి ఆ పేరైంది. చొక్కా లోపల తొడిగే బనియనుకూ ఆ పేరే మిగిలింది.

ఆ అంగీల గుడ్డలో మేలురకం మచిలీపట్నం వంటి కోరమాండల్ రేవుల నుంచి ఓడలెక్కేది. తెలుగులో చీటి అనే ఈ గుడ్డే ఇంగ్లీషువారికి చింట్జ్. దాని గొప్పతనమంతా ఎరుపులో ఉంది. గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెడతారు. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు అద్ది, చిరివేరు వేసిన నీటిలో ఉడికిస్తారు. పటిక తగిలిన చోటే రంగు నిలుస్తుంది, తక్కిన చోట ఉతుకులో పోతుంది. రంగు గుడ్డకు పూత కాదు, నూలులో భాగం. ఎన్ని ఉతుకులైనా వెలవని ఈ గుడ్డ ముందు ఐరోపా నేతగాళ్ల సరుకు నిలవలేకపోయింది. 1686లో ఫ్రాన్సు, 1700లో ఇంగ్లండు దాన్ని కట్టడి చేస్తూ చట్టాలు తెచ్చాయి. ఆ నిషేధాలు 1759లో ఫ్రాన్సులో, 1774లో ఇంగ్లండులో తొలగేసరికి అక్కడివారే అద్దకంలో ఆరితేరారు.

మామిడి పిందె దారి వేరు. ఇరాన్‌లో బుతె, కాశ్మీరులో బుటా అని పిలిచే ఈ ఆకారం కాశ్మీరీ శాలువాల మీద మొదట పూలమొక్కలా ఉండేది. కొన వంగుతూ, లోపల పూలు కిక్కిరుస్తూ పోయి చివరకు పిందె అయింది. ఖరీదైన ఆ శాలువాలకు నకళ్లు 19వ శతాబ్దం మొదట్లో స్కాట్లాండులోని పైస్లీ పట్టణంలో మగ్గాలెక్కాయి. ఆ ఆకారానికి ఆ ఊరి పేరే పడింది. కాశ్మీరు నేతగాళ్లకు ఆ పేరులో చోటు లేకపోవడం బాధాకరమే.

శాలువాల మోజు 1870ల నాటికి తగ్గినా, పిందె టైల మీద నిలదొక్కుకుంది. ఇంగ్లండులో పట్టు పనికి పేరుపడ్డ మాక్లెస్‌ఫీల్డులో ‘ఏన్షెంట్ మ్యాడర్’ పట్టు మీద అద్దిన పిందెల టైలు ఇప్పటికీ అభిరుచి గలవారు వెతికి కొనుక్కునే రకం. మ్యాడర్ అంటే మంజిష్ఠ జాతి మొక్క వేరు. చిరివేరులోనూ, ఇందులోనూ ఎరుపునిచ్చేది అలిజరిన్ అనే ఒకే పదార్థం. దాన్ని 1868లో జర్మనీ రసాయనవేత్తలు ప్రయోగశాలలో తయారుచేశాక వేళ్ల సాగు మూలపడింది. అయినా ఆ పట్టుకు పాత పేరే నిలిచింది, కాస్త మసకబారినట్టుండే నిండు ఎరుపూ నిలిచింది.

పూల చొక్కాలకు పెద్ద పేరు లండన్‌లోని లిబర్టీ దుకాణం. 1875లో ఆర్థర్ లిబర్టీ ప్రాచ్య దేశాల సరుకుతో దాన్ని తెరిచాడు. అక్కడి పల్చని నూలు గుడ్డ ‘టానా లాన్’కు ఇథియోపియాలోని టానా సరస్సు పేరు పెట్టారు. 1960లలో లండన్ యువకులు పూలనూ పిందెలనూ ఇంట్లోంచి వీధిలోకి తెచ్చారు.

ఇలాంటి గుడ్డ కుట్టడంలో చెయ్యి తిరిగిన దర్జీ తెలిసిపోతాడు. జేబు ఎక్కడ ఉందో కనిపించకూడదు: దాని మీది సగం పువ్వు చొక్కా మీది మిగతా సగంతో కలవాలి, బొత్తాల పట్టీ దగ్గర తీగ తెగకూడదు. అందుకు గుడ్డ ఎక్కువ పడుతుంది. టై గుడ్డను ఏటవాలుగా కత్తిరిస్తారు, అప్పుడే ముడి వేసేటప్పుడు మెలిక తిరగకుండా సాగి, విప్పగానే మునుపటి ఆకారానికి వస్తుంది. చొక్కా మీద పెద్ద పూలుంటే టై మీద చిన్న పిందెలు, లేదా ఉత్త రంగు నప్పుతాయి. రెండూ ఒకే కొలతవైతే కంటికి గజిబిజి. కృష్ణా జిల్లా పెడనలో చెక్క అచ్చులతో అద్దే కలంకారీ గుడ్డతో కుట్టిన చొక్కాలకూ ఇదే కొలత.