కూల్డ్రే దొర చూపిన త్రోవ

దేవతాచిత్రమనగా రవివర్మ పటమే యని పుల్లలచెరువు మొదలు మహాపట్టణముల దాక మనవారనేకులు చిరకాలము తలంచిరి. ఆ తలంపును కదల్చిన తెలుగువాడు దామెర్ల రామారావు. 1897లో రాజమహేంద్రవరమున జన్మించిన యీతని ప్రజ్ఞను గుర్తించినవాడు మాత్రము ఆంగ్లేయుడు. ఆ యూరి ప్రభుత్వ కళాశాలాధ్యక్షుడును, స్వయముగా చిత్రకారుడును అగు ఆస్వాల్డ్ కూల్డ్రే. అడివి బాపిరాజుకును ఆయనయే గురువు. పరపాలకుల కొలువులో నుండియు ఆయన శిష్యుల చూపును అజంతా వైపునకు త్రిప్పెను. రామారావు 1916లో బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో చేరుటయు ఆయన ప్రోత్సాహముననే.

ఇతని పురాణచిత్రములలో నొక వింత కలదు. బుద్ధుని గీయబూనినవారు బోధివృక్షమును గాని మహాభినిష్క్రమణమును గాని యెన్నుకొందురు. రామారావు గీసినది ‘సిద్ధార్థ రాగోదయము’. తపస్విని గీయబూని ‘ఋష్యశృంగ బంధనము’ను గీసెను. వైరాగ్యము కాదు, హృదయము కరగు క్షణమే యతనికి పవిత్రము. దీనిని వట్టి శృంగారమని యీసడించువారు అజంతా గుహలలోని రాజాంతఃపురములను చూడనివారే. ‘నందిపూజ’యందును నందికంటె పూజించు స్త్రీలే మన కన్నులను నిలుపుదురు.

1925 ఫిబ్రవరిలో మశూచికము సోకి, ఇరువదియెనిమిదేండ్లు నిండకయే యతడు గతించెను. ఆ చిత్రములు రాజమహేంద్రవరమున, గోదావరి గట్టుచెంత, అతని పేరిటి చిత్రశాలలో నున్నవి. పుష్కరస్నానమునకు పోవువారు రేవునుండి యచ్చటికి నడచియే పోవచ్చును.