సంక్రాంతి తీపి పులుసు - నారింజరంగు చిలగడదుంపతో

కోస్తా జిల్లాలలో పెక్కు ఇండ్ల సంక్రాంతి భోజనములో చిలగడదుంప తీపి పులుసు ఉండును. ముద్దపప్పు, నెయ్యి కలిపిన అన్నమునకు ఇది మంచి జోడు. ఈ దుంపనే తెలంగాణములో కందగడ్డ అనియు, రాయలసీమలో గెనుసుగడ్డ అనియు అందురు. పెద్దలనాటి ఈ వంటను మానవలసిన పని లేదు. దుంపను మార్చి, వండు తీరును కొంచెము సవరించినచో, ఈ పండుగ వంట పిల్లల కంటిచూపునకు కూడ మేలు చేయును.

దుంపలో తేడా

చీకటి పడగానే పిల్లలు తడుముకొనుచు నడిచినచో అది రేచీకటి కావచ్చును. ఆహారములో 'ఎ' విటమిను చాలకపోవుట దీనికి ముఖ్య కారణము. అట్టి బిడ్డను వెంటనే డాక్టరుకు చూపవలెను. ఆ స్థితి రాకుండ చూచుకొనుట మాత్రము వంటింటిలోని పని.

నారింజరంగు దుంపలో బీటా కెరోటిన్ అను పదార్థము ఉన్నది. మన శరీరము దానిని 'ఎ' విటమినుగా మార్చుకొనును. తెల్లని దుంపలో ఇది బహు స్వల్పము. తిరువనంతపురములోని కేంద్ర దుంపపంటల పరిశోధన సంస్థ రూపొందించిన 'భూ సోనా' రకము 2017లో విడుదలైనది. దీని 100 గ్రాముల దుంపలో 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ కలదు. వాడుకలోనున్న రకములలో ఇది 2 నుండి 3 మిల్లీగ్రాములు మాత్రమే. 'భూ సోనా'ను ఒడిశాకు సిఫారసు చేసిరి. కనుక మన రైతులు మొదట పెరటిలో ఒకటి రెండు బోదెలు వేసి చూచుకొనుట మంచిది. సెప్టెంబరులో తీగముక్కలు నాటినచో సంక్రాంతికి దుంప చేతికి వచ్చును.

కావలసినవి (ఆరుగురికి)

నారింజరంగు దుంపలు అర కిలో, బెల్లము 50 గ్రాములు, నిమ్మకాయంత చింతపండు, నువ్వులు 3 చెంచాలు, నువ్వులనూనె 2 చెంచాలు, పచ్చిమిరపకాయలు 4, పసుపు, ఉప్పు. పోపునకు ఆవాలు, మెంతులు, ఎండుమిరపకాయలు, ఇంగువ, కరివేపాకు.

చేయు విధము

దుంపలను కడిగి, తొక్క తీయకుండ, ముక్కలు చేయకుండ ఆవిరిమీద సన్నని సెగను ఉడికించవలెను. నిదానముగా ఉడికినప్పుడు దుంపలోని పిండిపదార్థము కొంత చక్కెరగా మారును. అందువలన మామూలుగా వేయు బెల్లములో సగము చాలును. ఉడికిన తరువాత తొక్క తీసి, పెద్ద ముక్కలుగా కోయవలెను.

చింతపండు పులుసులో పచ్చిమిరపకాయలు, పసుపు, ఉప్పు, బెల్లము వేసి పది నిమిషములు మరగనీయవలెను. పులుసు చిక్కబడుటకు వేయు బియ్యపుపిండికి బదులు, వేయించి దంచిన నువ్వులపొడి కలుపవలెను. దుంపముక్కలను చివర వేసి, ఒక పొంగు రాగానే దించవలెను. ముందే వేసినచో ముక్క చెదరిపోవును. పిదప నూనెతో పోపు పెట్టవలెను.

నువ్వులు రుచికొరకే కాదు. కొంత నూనె లేక నెయ్యి తోడైనప్పుడే బీటా కెరోటిన్ శరీరమునకు బాగుగా పట్టును. కావున పోపునూనెను మరీ పొదుపు చేయరాదు.

ఒక హెచ్చరిక

ముక్కుపురుగు తొలిచిన దుంపను పులుసులో వేయరాదు. పుచ్చినచోటనే కోసివేసి మిగిలినది వాడుటయు మంచిది కాదు. పురుగు పట్టిన దుంపలో చేదైన హానికర పదార్థములు పుట్టును. ఉడికించినను అవి పోవు. అట్టి దుంప ఒక్కటి కలిసినను పులుసంతయు పాడగును. చేనిలో నేల పగుళ్లిచ్చి దుంప బయటపడినప్పుడే ఈ పురుగు సులువుగా చేరును. కనుక రైతు పగుళ్లను పూడ్చుచు, దుంప కనబడకుండ బోదెలకు మన్ను ఎగదోయుచుండవలెను.

పండుగ ఒక్కనాటితో ఆపవద్దు. దుంపలు దొరికినన్నాళ్లు వారమునకు రెండు మూడు మారులు పులుసుగానో, ఉడికించి కొంచెము నెయ్యి రాసియో పిల్లలకు పెట్టుడు. మంచి తీగను పొరుగువారికి కూడ పంచుడు. ఒక పెరటిలో మొదలైనది వచ్చే సంక్రాంతికి వీధియంతటి విస్తళ్లలోనికి రాగలదు.